తల్లికి హెచ్‌ఐవీ ఉంటే తల్లీబిడ్డల రోగనిరోధక శక్తి సంగతి: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశా సరిహద్దులో ప్రసూతి వార్డు నర్సుగా చాలా ఏళ్ళు పనిచేశాను. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మన తెలుగు ఆడవాళ్ళు కాన్పుకు వచ్చేవారు. కౌన్సెలర్ ఒడియాలో చెప్పింది సగమే అర్థమయ్యేది. తర్వాత వరండాలో నా చెయ్యి పట్టుకుని "అక్కా, లోపల అసలేం చెప్పారు?" అని మెల్లగా అడిగేవారు. అలా అడిగిన ప్రశ్నలే ఇవి. మందుల మోతాదు జోలికి నేను పోలేదు. అది మీ ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రం) డాక్టరే చెప్పాలి.

హెచ్‌ఐవీ ఒంట్లో దేన్ని దెబ్బతీస్తుంది?

మన రక్తంలో సీడీ4 కణాలు అని ఉంటాయి. క్రిమి ఒంట్లోకి రాగానే వాటిని చంపే కణాలనూ, వాటికి విరుగుడు తయారుచేసే కణాలనూ పనిలోకి దింపేవి ఇవే. హెచ్‌ఐవీ నేరుగా ఈ సీడీ4 కణాల్లోకే దూరి, అక్కడే పిల్లలు పెట్టి, వాటిని నాశనం చేస్తుంది. అవి తగ్గేకొద్దీ మిగిలిన కణాలు ఉన్నా వాటికి దారి చూపేవాళ్ళు ఉండరు. అప్పుడే టీబీ, న్యుమోనియా, నోట్లో తెల్లపూత లాంటివి పట్టుకుంటాయి.

ఇంకోటి కూడా జరుగుతుంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. వైరస్ ఒంట్లో ఉన్నన్నాళ్ళూ రక్షణ వ్యవస్థ ఎప్పుడూ ఉద్రేకంలోనే ఉంటుంది. విరుగుడు పదార్థాలు, అంటే యాంటీబాడీలు, లెక్కకు మించి తయారవుతాయి. కానీ వాటిలో చాలావరకు ఏ జబ్బుకూ పనికిరావు. బిడ్డ విషయంలో ఇది ముఖ్యం, కింద మళ్ళీ వస్తుంది.

గర్భం వచ్చాక సీడీ4 తగ్గిందన్నారు. జబ్బు ముదిరినట్టేనా?

ప్రతిసారీ కాదు. గర్భంలో ఒంట్లోని రక్తం పరిమాణం దాదాపు సగం వంతు పెరుగుతుంది. పులుసులో నీళ్ళు ఎక్కువైతే ముక్కలు పలచగా కనబడినట్టు, అదే చుక్కలో సీడీ4 కణాల లెక్క తగ్గి కనిపిస్తుంది. హెచ్‌ఐవీ లేని గర్భిణిలో కూడా ఇలాగే తగ్గుతుంది. మొత్తం కణాల్లో సీడీ4 శాతం ఎంతో చూస్తే అది పెద్దగా మారదు. కాన్పయ్యాక లెక్క మళ్ళీ పెరుగుతుంది. అందుకని ఒక్క అంకె చూసి టెన్షన్ పడొద్దు, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, ఎంతుందని అడగండి. ఈ రోజుల్లో తల్లికీ బిడ్డకీ అసలైన కొలత అదే.

మందులు వాడితే పోయిన శక్తి తిరిగొస్తుందా?

వస్తుంది. ఇప్పుడు మన దేశంలో ఎక్కువమందికి ఇచ్చేది రోజుకు ఒకే మాత్ర. అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే 3 మందులుంటాయి. ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్‌లో ఉచితం. సీడీ4 ఎంత ఉన్నా, గర్భిణి అయినా కాకపోయినా, పరీక్షలో తేలగానే మొదలుపెట్టి జీవితాంతం వాడాలి. డోలుటెగ్రావిర్ వచ్చాక వైరస్ వారాల్లోనే బాగా అణుగుతోంది. కాన్పు దగ్గరపడ్డాక బయటపడిన వాళ్ళకు ఇది ఎంత మేలు చేసిందో నేను కళ్ళారా చూశాను.

కాన్పయ్యాక కొన్ని వారాలు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. గర్భంలో ఒళ్ళు తన రక్షణను కొంచెం సర్దుకుంటుంది, బిడ్డ సగం పరాయి కాబట్టి. కాన్పు కాగానే అది పూర్వస్థితికి వస్తుంది. లోపల దాగిన టీబీ ఉంటే ఆ సమయంలోనే పైకి తేలవచ్చు. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా "బాలింత నీరసం" అని సరిపెట్టుకోకండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు 2 వారాల దగ్గు దాకా ఆగే పని లేదు, ఒక్కరోజు దగ్గినా చెప్పాలి. తల్లికి టీబీ ఉంటే ఒళ్ళో ఉన్న పసిబిడ్డకే ముందు అంటుకుంటుంది.

బిడ్డకు సోకే అవకాశం ఎంత?

ఏ మందూ వాడకపోతే 100 మంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి సోకవచ్చు. కడుపులో ఉండగా, కాన్పు సమయంలో, పాల ద్వారా, మూడు దశల్లోనూ ప్రమాదం ఉంది. మందులు సరిగా వాడితే అది 5 శాతం లోపుకు వస్తుంది. గర్భం రాకముందు నుంచే మాత్ర వేసుకుంటూ, వైరల్ లోడ్ కనబడనంతగా అణిగిన తల్లి అయితే 1 శాతం కూడా ఉండదు. 1994లో జిడోవుడిన్ అనే ఒకే ఒక్క మందుతో 25.5 శాతం ఉన్న సోకుడు 8.3 శాతానికి దిగిందని పరిశోధనలో తేలినప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. మన దేశంలో 2014 నుంచి గర్భిణులకు పూర్తి మందుల కూర్పు ఇస్తున్నారు.

బిడ్డకు సోకలేదని తేలితే ఇక భయం లేనట్టేగా?

ఈ పేజీ రాయడానికి కారణమే ఈ ప్రశ్న.

మొదటి పరీక్ష నెగెటివ్ అనగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత ఆ కుటుంబం సెంటర్ ముఖం చూడదు. నాలుగో నెలలోనో అయిదో నెలలోనో అదే బిడ్డ డొక్కలెగరేస్తూ న్యుమోనియాతో వచ్చిన సందర్భాలు నాకు గుర్తున్నాయి. అప్పుడు కూడా హెచ్‌ఐవీ నెగెటివే.

హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టి, తనకు సోకని బిడ్డల మీద ఆఫ్రికా దేశాల్లోనూ ఐరోపాలోనూ ఎన్నో పరిశోధనలు జరిగాయి. ఈ పిల్లలకు మొదటి ఏడాదిలో న్యుమోనియా, విరేచనాలు, రక్తంలో ఇన్‌ఫెక్షన్ మామూలు పిల్లల కంటే ఎక్కువగా వస్తాయనీ, ఆసుపత్రిలో చేర్చే అవసరం ఎక్కువగా పడుతుందనీ మళ్ళీ మళ్ళీ కనిపించింది. నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువగా పుట్టడం కూడా కాస్త ఎక్కువే. తల్లి ఆలస్యంగా మందులు మొదలుపెట్టినప్పుడు, సీడీ4 బాగా తక్కువగా ఉన్నప్పుడు, తల్లిపాలు అందనప్పుడు ఈ తేడా పెరుగుతుంది. తల్లి ముందునుంచీ మందులు వాడి బిడ్డకు పాలిస్తే తేడా బాగా తగ్గుతుంది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. మీరు వేసుకునే మాత్ర బిడ్డకు వైరస్ సోకకుండా ఆపడంతో పాటు, బిడ్డకు మీరిచ్చే రక్షణను కూడా కాపాడుతుంది.

తల్లి రక్షణ బిడ్డకు ఎలా అందుతుంది? హెచ్‌ఐవీ దాన్ని ఎలా ఆపుతుంది?

పుట్టిన బిడ్డకు సొంత యాంటీబాడీలు దాదాపు ఉండవు. తల్లి తన జీవితంలో చూసిన జబ్బులకూ, వేయించుకున్న టీకాలకూ తయారైన ఐజీజీ అనే యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరతాయి. గర్భం నాలుగో నెల నుంచి కొంచెం కొంచెంగా మొదలై, ఎక్కువ భాగం చివరి వారాల్లోనే దాటుతాయి. నెలలు నిండని బిడ్డకు రక్షణ తక్కువ ఉండడానికి ఇదొక కారణం.

మాయలో వీటిని దాటించడానికి ప్రత్యేకమైన గ్రాహకాలు ఉంటాయి. వంశధార నది మీద నాటుపడవ అనుకోండి. ఒక్కొక్క యాంటీబాడీని ఎక్కించుకుని అవతలి గట్టున దింపి వస్తుంది. పడవలు ఇన్నే, చోటు ఇంతే. హెచ్‌ఐవీ ఉన్న తల్లి రక్తంలో పనికిరాని యాంటీబాడీలు కుప్పలు తెప్పలుగా ఉంటాయని పైన చెప్పాను కదా, అవి పడవలన్నీ నింపేస్తాయి. తట్టు, ధనుర్వాతం, న్యుమోనియా క్రిములకు పనికొచ్చే యాంటీబాడీలు గట్టు మీదే ఉండిపోతాయి. పైగా చాలామంది తల్లుల్లో ఆ మంచి యాంటీబాడీలు మొదటే తక్కువ. మాయలో వాపు ఉంటే దాటడం ఇంకా తగ్గుతుంది.

మందులతో వైరస్ అణిగితే ఈ రద్దీ తగ్గుతుంది. ఒక్కరోజులో తగ్గదు, నెలలు పడుతుంది. గర్భం రాకముందే మందులు మొదలుపెట్టమని చెప్పేది ఇందుకే.

బిడ్డ సొంత రక్షణ కణాల్లో కూడా తేడాలు కనిపిస్తాయి. కడుపులో ఉండగానే తల్లి ఒంట్లోని వాపు రసాయనాలు, కొన్నిసార్లు వైరస్ ముక్కలు బిడ్డ కణాలకు తగులుతాయి. దానితో అవి పుట్టకముందే ఉద్రేకపడి ఉంటాయి. ఈ తేడాలు చాలావరకు వయసుతో పాటు తగ్గుతాయి.

పుట్టిన బిడ్డ రక్తం ప్రైవేటులో పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది. అంటే సోకినట్టేనా?

అది ఏ పరీక్షో చూడందే ఏమీ చెప్పలేం. అది యాంటీబాడీ పరీక్ష అయితే, పడవెక్కి వచ్చిన మీ యాంటీబాడీలే బిడ్డ రక్తంలో కనిపిస్తాయి. అవి 18 నెలల దాకా ఉండవచ్చు. ఒక తండ్రి ఆ కాగితం పట్టుకుని రెండు రాత్రులు నిద్రపోకుండా మా వార్డుకు వచ్చాడు. బిడ్డకు ఏమీ లేదు.

పసిబిడ్డకు చేయాల్సింది వైరస్‌నే వెతికే పరీక్ష. 6 వారాలకు మడమ మీద చిన్నగా గుచ్చి, రక్తపు చుక్కలను కాగితం మీద ఆరబెట్టి ల్యాబ్‌కు పంపుతారు. తర్వాత 6 నెలలకు, 12 నెలలకు మళ్ళీ చేస్తారు. 18 నెలలకు యాంటీబాడీ పరీక్షతో తేలుస్తారు. ఉచితం.

ఒకవేళ సోకితే పసిబిడ్డలో ఎందుకంత త్వరగా ముదురుతుంది?

పెద్దవాళ్ళలో వైరస్ సోకిన కొన్ని వారాలకు ఒళ్ళు దాన్ని కొంత అదుపు చేస్తుంది. పసిబిడ్డ రక్షణ వ్యవస్థ ఇంకా నేర్చుకునే దశలో ఉంటుంది. ఎదిగే బిడ్డలో సీడీ4 కణాలు కూడా ఎక్కువే, అంటే వైరస్‌కు మేత ఎక్కువ. వైరల్ లోడ్ నెలల తరబడి తగ్గదు. వైద్యం అందకపోతే మూడో వంతు పిల్లలు మొదటి పుట్టినరోజు లోపు, సగం మంది రెండేళ్ళ లోపు చనిపోతారు.

కానీ వైద్యం ఉంది. దక్షిణాఫ్రికాలో 12 వారాల లోపు పిల్లలకు వెంటనే మందులిచ్చి చూశారు. సీడీ4 తగ్గేదాకా ఆగిన పిల్లలతో పోలిస్తే మరణాలు 76 శాతం తగ్గాయని 2008లో ఫలితం వచ్చింది. 6 వారాల పరీక్ష తేదీ తప్పవద్దని బతిమాలేది అందుకే.

నా పాలు ఇవ్వొచ్చా?

ఇవ్వాలి. మీరు మాత్ర వేసుకుంటూ ఉంటే మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి. తర్వాత మెత్తటి తిండి మొదలుపెట్టి పాలు కొనసాగించాలి. ఎన్నాళ్ళనేది సెంటర్‌లో చెబుతారు, సాధారణంగా కనీసం ఏడాది. పాలల్లో ఉండే ఐజీఏ అనే యాంటీబాడీలు బిడ్డ పేగుల లోపల పూతలా ఉండి విరేచనాల క్రిములను ఆపుతాయి. మాయ గుండా తక్కువ అందిన బిడ్డకు ఇది ఇంకా అవసరం. ముర్రుపాలు పిండి పారబోయకండి.

డబ్బాపాలు ఇస్తామనే కుటుంబాలూ ఉన్నాయి. ప్రతి పూటా మరిగించిన శుభ్రమైన నీళ్ళు, 6 నెలలకు సరిపడా డబ్బా కొనే డబ్బు, ఇంట్లో వాళ్ళ సహకారం, ఈ మూడూ ఉంటేనే ఆ ఆలోచన చేయండి. వాన కాలంలో మన ఏజెన్సీ ఊళ్ళలో నీళ్ళు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు.

మందులు మధ్యలో ఆపి పాలివ్వడం మాత్రం ప్రమాదం. మాత్రలు అయిపోతే ఆ రోజే సెంటర్‌కు ఫోన్ చేయండి.

అత్తగారు తేనె నాకిస్తానంటున్నారు. వస, ఆముదం, గాడిద పాలు కూడా అంటున్నారు. ఒక్క చుక్కే కదా?

వద్దు. ఎవరికైనా వద్దు, ఈ బిడ్డకు అసలే వద్దు. 6 నెలల లోపు పసివాడి పేగు గోడ చాలా పలచన. తేనె, చక్కెర నీళ్ళు, ఆవుపాలు, ఉగ్గు లాంటివి పడితే అది ఒరుసుకుని చిట్లుతుంది. ఆ పైన తల్లిపాలు వెళ్తే అందులో మిగిలిన వైరస్‌కు దారి దొరుకుతుంది. తల్లిపాలు, పైపాలు కలిపి ఇచ్చిన పిల్లలకే సోకుడు ఎక్కువని తేలింది.

అత్తగారితో తగవు పడక్కర్లేదు. మీ జబ్బు సంగతి ఆవిడకు తెలియకపోతే ఆ మాట ఎత్తక్కర్లేదు కూడా. "ఆరు నెలల దాకా నీళ్ళు కూడా పట్టొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారత్తయ్యా" అంటే చాలు. ఆశా దీదీ, అంగన్‌వాడీ అక్క అందరి తల్లులకూ చెప్పే మాటే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బారసాల నాడు మాత్రం చుట్టాల చేతుల్లోకి వెళ్ళిన బిడ్డ మీద ఒక కన్ను వేసి ఉంచండి.

బిడ్డకు ఇచ్చే సిరప్‌లు ఏమిటి?

రెండు రకాలు, కలగాపులగం చేసుకోకండి. మొదటిది నెవిరపిన్. పుట్టగానే మొదలై మామూలుగా 6 వారాలు ఇస్తారు. మీ వైరల్ లోడ్ ఎక్కువగా ఉంటే ఎక్కువ కాలం, లేదా రెండు మందులు ఇస్తారు. ఇది వైరస్ సోకకుండా ఆపేందుకు.

రెండోది కోట్రైమోక్సజోల్. 6వ వారంలో మొదలవుతుంది. హెచ్‌ఐవీ సోకిన పిల్లలను 3 నుంచి 6 నెలల వయసులో చంపే ఒక రకం న్యుమోనియా ఉంది, దాన్ని ఆపేది ఇదే. బిడ్డకు హెచ్‌ఐవీ లేదని ఖాయంగా తేలేదాకా రోజూ వేయాలి. మన ప్రాంతంలో సికిల్ సెల్, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలకు పుట్టుకతో వచ్చే లోపాలు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే మందు మొదలుపెట్టేముందే చెప్పండి.

టీకాలు మామూలుగానే వేయించాలా?

అన్నీ, తేదీ తప్పకుండా. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బీ కూడా. బిడ్డకు జబ్బు లక్షణాలుంటే, లేదా హెచ్‌ఐవీ సోకిందని అప్పటికే తేలితే బీసీజీ గురించి డాక్టరే చెప్పాలి. ఆ టీకాలో బతికున్న క్రిమి ఉంటుంది.

సంతోషపడాల్సిన సంగతి ఏమిటంటే, తల్లి నుంచి తక్కువ రక్షణ అందినా, సోకని ఈ పిల్లలు టీకాలకు బాగా స్పందిస్తారు. కొన్ని టీకాలకు మామూలు పిల్లలకంటే మెరుగ్గా కూడా స్పందించినట్టు కనిపించింది. తట్టు రక్షణ తల్లి నుంచి తక్కువ వస్తుంది కాబట్టి 9 నెలలకు వేసే తట్టు-రుబెల్లా టీకాను వలస పనుల వల్ల వాయిదా వేయకండి. మమతా దివస్‌ (తల్లీపిల్లల ఆరోగ్య దినం) నాడు ఊళ్ళోనే వేస్తారు.

మలేరియాకూ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు వాళ్ళు ఇది తప్పక చదవాలి. మలేరియా క్రిమి మాయలో చేరి దాక్కుంటుంది. మామూలుగా తొలి కాన్పులో ఈ ప్రమాదం ఎక్కువ. రెండో కాన్పు, మూడో కాన్పు నాటికి ఒళ్ళు దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. హెచ్‌ఐవీ ఆ నేర్చుకున్నదాన్ని చెరిపేస్తుంది. "ఇద్దరు పిల్లల్ని కన్నాను, నాకేం కాదు" అనుకోవడానికి వీల్లేదు. మాయలో మలేరియా ఉంటే బిడ్డ బరువు తగ్గుతుంది, యాంటీబాడీలు దాటడమూ తగ్గుతుంది. ప్రభుత్వం ఇచ్చిన దోమతెరను చేపల వలగానో, పందిరికో వాడకుండా దాని కిందే పడుకోండి. జ్వరం వస్తే ఆ రోజే రక్తం చూపించండి.

ఐరన్, కాల్షియం మాత్రలు కూడా ఇచ్చారు. అన్నీ కలిపి వేసుకోవచ్చా?

ఖాళీ కడుపుతో కలిపి వేసుకోవద్దు. ఐరన్, కాల్షియం డోలుటెగ్రావిర్‌ను పట్టుకుని ఒంట్లోకి పోనివ్వవు. ఏఆర్‌టీ మాత్ర వేసుకున్న 2 గంటల తర్వాత వేసుకోవచ్చు. లేదంటే భోజనంతో పాటు కలిపి వేసుకోవచ్చు. టీబీ మందులు వాడుతుంటే తప్పక చెప్పండి, డోలుటెగ్రావిర్ అదనంగా ఇవ్వాల్సి వస్తుంది.

గర్భం మూడో నెలలో నాకు నెగెటివ్ వచ్చింది. మళ్ళీ పరీక్ష ఎందుకు?

గంజాం జిల్లా నుంచి ఎంతోమంది మగవాళ్ళు సూరత్ మరమగ్గాల్లో పనికి వెళ్తారు, పండగకు ఇంటికి వస్తారు. ఎవరినీ అనుమానించమని కాదు. గర్భంలోనో, పాలిచ్చే రోజుల్లోనో కొత్తగా సోకితే తల్లి ఒంట్లో వైరస్ ఆ మొదటి వారాల్లోనే విపరీతంగా పెరుగుతుంది. ఒళ్ళు ఇంకా ఎదురు తిరగడం మొదలుపెట్టలేదు, మందూ లేదు. బిడ్డకు అన్నిటికంటే ప్రమాదం అప్పుడే. ఆ రోజుల్లో పరీక్షకు దొరకకపోవచ్చు కూడా. అవకాశం ఉంటే నెలలు నిండేముందు మళ్ళీ చేయించుకోండి, భర్తకూ చేయించండి.

సిజేరియన్ తప్పనిసరా?

కాదు. వైరల్ లోడ్ అణిగి ఉంటే మామూలు కాన్పే. వేరే కారణం ఉంటేనే ఆపరేషన్.

తొలి కాన్పుకు పుట్టిల్లు విజయనగరం వైపు. మందులు ఎలా?

ముందే మీ సెంటర్‌లో చెప్పండి. గ్రీన్ బుక్ (సెంటర్‌లో ఇచ్చిన మీ వైద్యం పుస్తకం) వెంట తీసుకెళ్ళండి, బదిలీ కాగితం రాయించుకోండి. రాష్ట్రం మారినా మందులు ఉచితమే. ఆఖరి వైరల్ లోడ్ ఎంతో ఆ బుక్‌లో రాసి ఉందో లేదో చూసుకోండి. కాన్పు దగ్గర బిడ్డకు ఏ సిరప్ ఎన్నాళ్ళు ఇవ్వాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారు. గర్భిణికి 32 నుంచి 36 వారాల మధ్య ఆ పరీక్ష తప్పక జరగాలి. సరిహద్దు దాటేటప్పుడే చాలామంది జారిపోతారు. ఇక్కడివాళ్ళు అక్కడ చేరారనుకుంటారు, అక్కడివాళ్ళకు అసలు తెలియదు. మధ్యలో బిడ్డ 6 వారాల పరీక్ష పోతుంది.

భాష రాదు, పక్కింటామెను తోడు తీసుకెళ్ళమంటారా?

నేనైతే వద్దంటాను. మీ సంగతి ఎవరికి చెప్పాలో మీరే నిర్ణయించుకోవాలి. 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి మీ భాషలో మాట్లాడేవాళ్ళు కావాలని అడగండి. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మీ అనుమతి లేకుండా పరీక్ష చేయడం, విషయం బయటపెట్టడం, కాన్పు చేయకుండా తిప్పి పంపడం ఈ చట్టం ఒప్పుకోదు. ఒడిశాలో ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను హెచ్‌ఐవీ ముదిరి ఎయిడ్స్ దశకు చేరినవాళ్ళకు కూడా ఉంది, సెంటర్‌లో అడగండి.

18 నెలల పరీక్ష కూడా నెగెటివ్ వచ్చింది. ఇక అయిపోయినట్టేనా?

అప్పటికే కొన్ని నెలల కిందట పాలు మాన్పించి ఉంటే అయిపోయినట్టే. ఇంకా ఇస్తూ ఉంటే, లేదా ఈమధ్యే ఆపి ఉంటే, మాన్పించాక ఇంకొక్క పరీక్ష ఉంటుంది, ఆ తేదీ సెంటర్‌లో రాసిస్తారు. ఆ రోజు బిడ్డ బరువు కూడా తూయించండి. మీ సొంత మాత్ర మాత్రం ఆ రాత్రి కూడా మామూలుగానే వేసుకోవాలి.